ప్రేక్షకుడితో జనాంతికం: కె.వి. రెడ్డి చిత్రాలపై ఒక పరిశీలన

ఇష్టమైన దర్శకుడెవరు అన్న ప్రశ్నకు పరిశోధన వ్యాసంలో చోటుందా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం. ఇష్టం వ్యక్తిగతమనీ, విమర్శ వస్తుగతమనీ మనం సాధారణంగా విభజించుకుంటాం. కాని మన సాహిత్య విమర్శ చరిత్ర ఈ విభజనను అంతగా సమర్థించదు. విశ్వనాథ సత్యనారాయణ నన్నయ ప్రసన్నకథాకలితార్థయుక్తిని వివరించినా, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమనపై ఉపన్యసించినా, ఆ రచనలకు తొలి ప్రేరణ ఇష్టమే. ఆ ఇష్టానికి కారణాలు వెదికే క్రమంలోనే వారికి విమర్శ పరికరాలు దొరికాయి. కారణం చెప్పగలిగిన ఇష్టం విమర్శకు పనికివస్తుంది. చెప్పలేనిది అభిమానంగానే మిగిలిపోతుంది.

సినిమా విషయంలో ఈ పని మన తెలుగు శాఖలలో తక్కువగా జరిగింది. సినిమాపై మనం చేసే పరిశోధనలో అధికభాగం సినీగేయ సాహిత్యం చుట్టూ తిరుగుతుంది. పాట కాగితం మీదికి వస్తుంది కనుక దానిని పద్యంలాగా, గేయంలాగా వివరించడం మనకు సులువు. ఛందస్సు, అలంకారం, రసం అన్న కొలతలు చేతిలో ఉండనే ఉన్నాయి. సంభాషణలను కూడా కొంతవరకు ఇలాగే చదువుతాం. దర్శకుడి పేరు మాత్రం విడుదలైన సంవత్సరం, నిర్మాణ సంస్థ పేరు పక్కన ఒక వివరంగా మిగులుతుంది. అతడు చేసినదేమిటో చెప్పడానికి మనకు పరిభాష లేదన్న సంకోచం దీనికి కారణం కావచ్చు. ఆ పరిభాష మన నాట్యశాస్త్ర సంప్రదాయంలోనే ఉందని, దానితో ఒక దర్శకుడి ప్రత్యేకతను నిరూపించవచ్చని ఈ వ్యాసం ప్రతిపాదన. నా ఎంపిక కె.వి. రెడ్డి (1912-1972).

'మాయాబజార్' (1957) తీసిన దర్శకుణ్ణి ఎంచుకోవడంలో సాహసమేమీ లేదు. తెలుగువారిలో ఆ చిత్రాన్ని ఇష్టపడనివారిని వెదకడమే కష్టం. కనుక ఎంపికలో కొత్తదనం కోసం నేను ప్రయత్నించలేదు. అందరూ ఇష్టపడే ఈ దర్శకుడి గురించి మనం చెప్పే కారణాలు చాలవన్నదే నా ఫిర్యాదు. పింగళి నాగేంద్రరావు మాటలు, ఘంటసాల సంగీతం, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం, ఎస్.వి. రంగారావు, సావిత్రి నటన అంటూ ఒక్కొక్కరికి వాటా పంచుతూ పోతాం. పంపకం పూర్తయ్యేసరికి దర్శకుడి వాటాకు 'సమర్థ నిర్వహణ' అన్న మాట తప్ప ఏమీ మిగలదు. అది మంచి కార్యనిర్వాహకుడికి ఇచ్చే యోగ్యతాపత్రమే గాని ఒక కళాకారుడి గురించిన వివరణ కాదు.

సంస్కృత రూపక లక్షణకర్తలు రంగస్థలంపై పలికే మాటను వినేవారిని బట్టి విభజించారు. ధనంజయుడి దశరూపకంలో ఈ విభాగం స్పష్టంగా ఉంది. రంగం మీద అందరూ వినదగినది సర్వశ్రావ్యం. ఎవరూ వినకూడనిది అశ్రావ్యం, అంటే స్వగతం. కొందరు మాత్రమే వినదగినది నియతశ్రావ్యం. జనాంతికం, అపవారితం అన్నవి ఈ మూడవ విభాగంలోకి వస్తాయి. త్రిపతాక హస్తాన్ని అడ్డుపెట్టి, పక్కనే నిలబడిన మూడవవాడికి వినబడదన్న ఒప్పందంతో ఇద్దరు మాట్లాడుకుంటే అది జనాంతికం. ఈ విభాగం మొత్తం ఒక్క విషయాన్ని నిర్ణయిస్తుంది: ఒక సంగతి ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నదాన్ని. అయితే స్వగతమైనా, జనాంతికమైనా ప్రేక్షకుడికి మాత్రం అన్నీ వినబడతాయి. సంస్కృత నాటక ప్రేక్షకుడు సర్వజ్ఞుడు. మన యక్షగానం, వీధినాటకం, ఆ తరువాత వచ్చిన పౌరాణిక పద్యనాటకం ఈ సర్వజ్ఞత్వాన్ని ఇంకా పెంచాయి. కథ ముందే తెలిసిన ప్రేక్షకుడు అక్కడికి వచ్చేది ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి కాదు, జరిగేదాన్ని అనుభవించడానికి.

తెలుగు కథనంలో దీనికి ఎదురైన మార్గం కూడా ఉంది. కళాపూర్ణోదయంలో పింగళి సూరన కథలోని కీలకాలను దాచిపెట్టి, ఒక్కొక్కటే విప్పుతూ, చివరికి పసిబిడ్డ మధురలాలస నోట చిక్కు విడదీయిస్తాడు. అక్కడ పాఠకుడు పాత్రల కంటే వెనుకబడి ఉంటాడు. ఆశ్చర్యం ఆ కావ్యానికి ప్రాణం. మన కాలపు సినిమా విమర్శ కథలో ఊహించని మలుపును పెద్ద గుణంగా ఎంచేటప్పుడు, తెలియకుండానే సూరన పక్షం వహిస్తున్నది. కె.వి. రెడ్డి రెండవ మార్గం వాడు. ఆయన ప్రేక్షకుడి దగ్గర దాదాపు ఏమీ దాచడు. పాత్రలకు తెలియనిది ప్రేక్షకుడికి ముందుగా చెప్పి, ఆ తెలిసినతనం నుంచే హాస్యాన్ని, ఉత్కంఠను, అప్పుడప్పుడు విషాదాన్ని పుట్టిస్తాడు. పాత్రలను మూడవ మనిషిగా పక్కన నిలిపి, దర్శకుడు ప్రేక్షకుడితో సాగించే జనాంతికం ఆయన చిత్రం.

'మాయాబజార్'లో శశిరేఖా పరిణయ కథకు కవిత్రయ భారతంలో ఆధారం లేదు. జనంలో, నాటకరంగంలో పెరిగిన కథ అది. సురభి నాటక సమాజాలు దాన్ని ఊరూరా ప్రదర్శించాయి, 1936లో పి.వి. దాసు దర్శకత్వంలో సినిమాగా కూడా వచ్చింది. అంటే 1957 నాటి ప్రేక్షకుడికి ఘటోత్కచుడు శశిరేఖగా మారతాడని తెలుసు. లక్ష్మణకుమారుడికి పెళ్లి జరగదనీ తెలుసు. ఇక దర్శకుడికి మిగిలినదేమిటి? ఆ తెలిసిన విషయాన్ని తెరమీద ఎవరెవరికి, ఏ మోతాదులో, ఎప్పుడు పంచాలి అన్నది.

చిత్రం మొదట్లోనే ప్రియదర్శిని వస్తుంది. ఎవరు తెరిచి చూస్తే వారికి ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు కనిపిస్తారు. ఆ పెట్టెను చాలామంది ముచ్చటైన కల్పనగా మెచ్చుకున్నారు. నిజానికి అది ఈ చిత్రాన్ని ఎలా చూడాలో నేర్పే పాఠం. ఒకరి మనసులోని మాట, అంటే స్వగతం, మాట అవసరం లేకుండా అక్కడ దృశ్యమైంది. నాటకంలో నటుడు పక్కకు తిరిగి చెప్పుకోవలసినదాన్ని సినిమాలో ఒక వస్తువు చూపిస్తుంది. బలరాముడి అమాయకత్వం, శశిరేఖ నిశ్చయం, రాబోయే ఘర్షణ, మూడూ కలిపి కొద్ది నిమిషాలలో మనకు తెలిసిపోతాయి. ఆ తరువాత కథలో పాత్రలు ఎన్ని మాటలు దాచుకున్నా మన దగ్గర దాచలేవు.

పాండవులు ఒక్కరు కూడా తెరమీద కనిపించని పాండవ పక్షపు కథ ఇది. ఈ విషయాన్ని చమత్కారంగా చెప్పి వదిలేయడం రివాజు. అర్జునుడో భీముడో వచ్చి ఉంటే కథలో జ్ఞానానికి మరొక కేంద్రం ఏర్పడేది. వారి ఆవేదనకు, ప్రతిజ్ఞలకు చోటివ్వవలసి వచ్చేది. వారు లేనందువల్ల మొత్తం సంగతి తెలిసినవాడు కృష్ణుడొక్కడే అవుతాడు. మనమూ ఆయన పక్షాన నిలబడతాం. ఎన్.టి. రామారావు కృష్ణుడి చిరునవ్వును గురించి ఎంతో చెప్పుకున్నాం. ఆ చిరునవ్వు ఎదుటి పాత్రకు ఒక అర్థం, మనకు మరొక అర్థం ఇస్తుందన్నదే దానిలోని అసలు సంగతి. అది త్రిపతాక హస్తం చేసే పనే చేస్తుంది.

ఉత్తరార్ధంలో ఈ పద్ధతి పతాకస్థాయికి చేరుతుంది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ణి సావిత్రి అభినయించిన తీరు ప్రసిద్ధం. ఆ నడకలో, చూపులో, మాట తీరులో రాక్షసుడు క్షణక్షణం బయటపడుతుంటాడు. గమనించదగినది ఆ అభినయం ఎవరి కోసం అన్నది. పక్కన ఉన్న పాత్రలు చూడగానే గట్టి ఆడపిల్ల నడక మళ్లీ సర్దుకుంటుంది. వారు తల తిప్పగానే లేని మీసం మీదికి చేయి పోతుంది. ఈ తలతిప్పుళ్ల లెక్క నటి ఒక్కతే చేయగలది కాదు. ఎవరు ఎటు చూస్తుండగా ఏది జరగాలన్నది దర్శకుడు నిర్ణయించిన విషయం. జనాంతికాన్ని మాటల నుంచి తప్పించి చూపులలోకి మార్చిన ఘట్టమది.

పెళ్లిపీటల దగ్గర కె.వి. రెడ్డి మరొక అడుగు వేశాడు. వధువు వికృత రూపాలుగా మారడం లక్ష్మణకుమారుడికొక్కడికే కనిపిస్తుంది. అతడు బెదిరి కేకలు వేస్తాడు. పెళ్లివారికి మాత్రం చక్కని పెళ్లికూతురే కనిపిస్తుంది గనుక వారతణ్ణి చూసి విస్తుపోతారు. ఆ సభలో నిజం చెబుతున్నవాడు అతడే. అతణ్ణే ఎవరూ నమ్మరు. రేలంగి హాస్యంగా మనం నవ్వుకున్న ఆ దృశ్యంలో ఒక క్రూరత్వం కూడా ఉంది. ఇంతవరకూ మనతో ఉన్న తెలిసినతనంలో మొదటిసారి లక్ష్మణకుమారుడికి భాగమిచ్చారు, అదీ శిక్షగా. ఆ తరువాత సత్యపీఠం. దానిమీద నిలబడిన శకుని, నోటిని అదుపులో పెట్టుకోలేక, తన పన్నాగాన్ని తానే బయటపెడతాడు. ప్రియదర్శినిలో కంటికి కనిపించిన మనోగతం ఇక్కడ నోటివెంట బయటికి వస్తుంది. చిత్రమంతా మనకూ కృష్ణుడికీ మధ్య జనాంతికంగా ఉన్నది ఆ ఘడియలో సర్వశ్రావ్యమైంది. మొదట్లో ఒక పెట్టె, చివర్లో ఒక పీఠం. రెండింటి మధ్య కథ ఎంత గట్టిగా బిగించబడిందో చూడండి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, రావాలి కూడా. ఇదంతా పింగళి నాగేంద్రరావు గొప్పతనం కదా, దర్శకుడికి ఎందుకు కట్టబెట్టాలి అని. తెలుగు శాఖలో ఈ ప్రశ్న సహజం. తల్పానికి గిల్పం, కంబళికి గింబళి పుట్టించిన రచయిత మనకు మరింత దగ్గరివాడు. కాని కర్తృత్వ నిర్ణయానికి ప్రాచీన కావ్యాల విషయంలో మనం వాడే పద్ధతినే ఇక్కడా వాడవచ్చు: రచయిత మారినప్పుడు ఏది నిలిచింది, దర్శకుడు మారినప్పుడు ఏది పోయింది అని చూడాలి.

దర్శకుడు మారిన ఉదాహరణ 'చంద్రహారం' (1954). అదే విజయా సంస్థ, అదే పింగళి, అదే ఘంటసాల, అదే బార్ట్లీ. రామారావు, రంగారావు, రేలంగి, సావిత్రి అందులోనూ ఉన్నారు. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు. తరువాతి కాలంలో 'నర్తనశాల' వంటి చిత్రం తీసిన సమర్థుడాయన. అయినా 'పాతాళభైరవి' (1951)కి పట్టిన అదృష్టం 'చంద్రహారా'నికి పట్టలేదు. హారంలో నాయకుడి ప్రాణం ఉండటమన్నది మంచి జానపద కల్పనే. కాని ఆ సంగతి తెలిసిన ప్రేక్షకుడు చేయగలిగిందల్లా జాలిపడుతూ ఎదురుచూడటం. 'పాతాళభైరవి'లో పరిస్థితి వేరు. నేపాళ మాంత్రికుడు సాహసవంతుడైన యువకుణ్ణి వెదకుతున్నది బలి ఇవ్వడానికేనని మనకు ముందే తెలుసు. తోటరాముడు సంబరంగా అతడి వెంట నడిచే ప్రతి అడుగూ మనకు గుబులు పుట్టిస్తుంది. మొసలి రూపం వదిలిన అప్సరస ఆ రహస్యం చెప్పగానే రాముడు మనతో సమానమవుతాడు. అప్పటి నుంచి తెలియనివాడు మాంత్రికుడు. తెలిసినతనం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారే ఆ క్షణమే కథకు ఇరుసు. 'చంద్రహారం'లో ఇటువంటి ఇరుసు నాకు కనిపించలేదు.

రచయిత మారిన ఉదాహరణలు ఇంకా బలమైనవి. 'పెద్దమనుషులు' (1954)కు డి.వి. నరసరాజు మాటలు రాశారు. ఇబ్సెన్ నాటకం 'పిల్లర్స్ ఆఫ్ సొసైటీ' దానికి ప్రేరణ. ఇబ్సెన్‌లో నేరం గతంలో జరిగిపోయింది. నాటకం సాగేకొద్దీ అది బయటపడుతుంది, అంటే కథనం దాచి విప్పే పద్ధతిలో ఉంటుంది. కె.వి. రెడ్డి చేతిలో అది తలకిందులైంది. ఊరంతా పూజించే ధర్మారావు పెద్దరికం వెనుక ఏముందో మనకు ముందే చూపించేశాడు. జంధ్యాల గౌరీనాథశాస్త్రి పలికిన ఆ గంభీరమైన, పవిత్రమైన మాటలన్నీ మన చెవికి ద్వంద్వార్థంలో వినిపిస్తాయి. రేలంగి ధరించిన తిక్క శంకరయ్య పాత్ర ఈ ఏర్పాటులో కీలకం. అతడు నిజాన్ని నడివీధిలో అందరికీ వినబడేలా పాడతాడు. సర్వశ్రావ్యమైన ఆ నిజం పిచ్చివాడి మాట కావడం వల్ల ఎవరి చెవికీ ఎక్కదు, మన చెవికి తప్ప. శాస్త్రం చెప్పిన మూడు విభాగాలలో దీనికి పేరు లేదు. పెళ్లిపీటల మీద కేకలు వేసిన లక్ష్మణకుమారుడికి తిక్క శంకరయ్య అన్నగారు. ఇద్దరినీ ఒకే నటుడు పోషించడం యాదృచ్ఛికం కావచ్చు. రచయితలు వేరైనా ఒకే నాటకీయ స్థితి మళ్లీ రావడం యాదృచ్ఛికం కాదు.

'దొంగరాముడు' (1955)లోనూ ఇదే కనబడుతుంది. జబ్బుపడిన తల్లి మందు కోసం పిల్లవాడు దొంగతనం చేయడం మన కళ్లముందు జరుగుతుంది. లోకానికి తెలిసింది దొంగ అన్న పేరు మాత్రమే. 'శ్రీకృష్ణార్జున యుద్ధం' (1963) కథను ఆయన ఎంచుకోవడం కూడా ఈ దృష్టితో చూస్తే అర్థవంతం. చిలకమర్తి గయోపాఖ్యానంతో ఊరూరా పరిచితమైన ఆ ఇతివృత్తానికి మూలం, శత్రువెవరో తెలియకుండా అర్జునుడు గయుడికి అభయమివ్వడం. తెలియనితనంలో ఇచ్చిన మాట, తెలిసిన తరువాత భరించవలసిన భారం. నాటకంలో పద్యాల పోటీగా ప్రసిద్ధమైన కథను ఆయన ఎవరికి ఏది తెలుసునన్న కథగా చదువుకున్నాడని నా అనుమానం.

పాత్ర కంటే ప్రేక్షకుడికి ఎక్కువ తెలియడం అన్నది లోకంలో ఎన్నో చిత్రాలలో ఉంది. అది ఉండటమే గొప్ప అయితే ఈ ఎంపికకు అర్థం లేదు. అదే వాహినీ నీడలో పనిచేసిన, మన సాహిత్యకారులకు మరింత ప్రీతిపాత్రుడైన బి.ఎన్. రెడ్డితో పోల్చినప్పుడు తేడా తెలుస్తుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రిని సినిమాకు తెచ్చిన 'మల్లీశ్వరి' (1951)లో వానలో సత్రం దగ్గర జరిగే ఘట్టాన్ని గుర్తుచేసుకోవచ్చు. మారువేషంలో ఉన్నది కృష్ణదేవరాయలనీ, పక్కనున్నది అల్లసాని పెద్దన అనీ మనకు తెలుసు. మల్లికి, నాగరాజుకు తెలియదు. నాగరాజు పరిహాసంగా పల్లకీ పంపమంటాడు. మనం నవ్వలేం. ఆ పరిహాసం వరమై వచ్చి శాపమవుతుందని తెలిసి కూడా చేసేదేమీ లేదు. బి.ఎన్. రెడ్డి చిత్రంలో తెలిసినతనం మనల్ని ఒంటరివాళ్లను చేస్తుంది. కె.వి. రెడ్డి చిత్రంలో అదే తెలిసినతనం మనల్ని కుట్రలో భాగస్వాములను చేస్తుంది. అక్కడ మనం సాక్షులం. ఇక్కడ ఘటోత్కచుడి బలగంలో లంబు, జంబుల పక్కన మనమూ ఒకరం. విషాదానికి మొదటిది తగినది, ఉల్లాసానికి రెండవది.

'మల్లీశ్వరి'ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కావ్యంగా చూస్తే అది పై మెట్టు మీదే ఉంటుంది. అయినా నేను కె.వి. రెడ్డి వైపు మొగ్గడానికి కారణం, ఆయన చిత్రం ప్రేక్షకుడి తెలివిని నమ్ముతుంది. బి.ఎన్. రెడ్డి ప్రేక్షకుణ్ణి సహృదయుడిగా ఊహించుకున్నాడు, సంస్కరించాలనుకున్నాడు. అక్షరం రాని ప్రేక్షకుడు కూడా నాటకపు పందిరిలో ఎన్నో రాత్రులు కూర్చుని కథన మర్మాలన్నీ ఎరిగినవాడేనని కె.వి. రెడ్డి గుర్తించాడు. ఆ ప్రేక్షకుడికి పాఠం చెప్పలేదు, తనతో సమానుడిగా చెవిలో మాట చెప్పాడు. జనాదరణ పొందిన కళ అంటే ప్రేక్షకుడి స్థాయికి దిగిరావడమని మన విమర్శలో ఇప్పటికీ ఒక భావన పాతుకుపోయి ఉంది. దానికి ఇంతకన్న మంచి సమాధానం నాకు తెలియదు.

ఈ పద్ధతికి కాలనియమం ప్రాణం. చిత్రీకరణకు ముందే దృశ్యాలను అభ్యాసం చేయించి, స్టాప్‌వాచీతో కొలిచి, చిత్రం నిడివిని ఆయన ముందుగా నిర్ణయించుకునేవారన్న సంగతి సినిమావారు తరచూ చెప్పేదే. దానిని పొదుపరితనానికి, క్రమశిక్షణకు నిదర్శనంగా చెబుతారు. ఆయన వృత్తిజీవితం సినిమా సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగంతో మొదలైంది కనుక ఆ వ్యాఖ్య సులువుగా అతుకుతుంది. నాకు మరొక కారణం తోస్తుంది. కథనం ఆశ్చర్యం మీద ఆధారపడితే, ఒక దృశ్యం కొంచెం సాగినా రహస్యం దాన్ని కాపాడుతుంది. ప్రేక్షకుడికి అంతా తెలిసినప్పుడు ఆ రక్షణ లేదు. మనకు తెలియడానికీ పాత్రకు తెలియడానికీ మధ్య ఉన్న వ్యవధి ఒక్క నిమిషం ఎక్కువైతే విసుగు, తక్కువైతే రుచి ఉండదు. హాస్యం విషయంలో ఇది మరీ సూక్ష్మం. ఆ గడియారం డబ్బు లెక్క కంటే రసం లెక్క కోసం ఎక్కువ అవసరమైంది.

'యోగి వేమన' (1947)ను మినహాయింపుగా చూడాలా? మాయలు, మారువేషాలు, పరిహాసాలు లేని చిత్రం అది. సముద్రాల రాఘవాచార్య రచన, నాగయ్య అభినయం. వేమన యోగి అవుతాడని ప్రేక్షకుడికి తెలుసు గనుక సంశయానికి తావులేదు. అయినా మోహనాంగి ఇంట, తరువాత బంగారం చేసే యత్నంలో మునిగి ఉన్న వేమనకు తాను పోగొట్టుకుంటున్నదేమిటో తెలియదు, మనకు తెలుసు. అన్న కూతురు జ్యోతి మరణం దగ్గర ఆ వ్యవధి మూసుకుపోతుంది. ఇక్కడ తెలిసినతనం కుట్ర కాలేదు, బరువైంది. అంటే బి.ఎన్. రెడ్డి దారి కూడా ఆయనకు తెలుసు. ఆ తరువాత వేమన మనకంటే ముందుకు వెళ్లిపోతాడు. జ్ఞాని అయిన పాత్రతో ప్రేక్షకుడు జనాంతికం నెరపలేడు. చిత్రం చివరి భాగంలో మనం కేవలం చూస్తూ నిలబడతాం. ఈ దర్శకుడి చిత్రాలలో పాత్ర ప్రేక్షకుణ్ణి దాటిపోయిన సందర్భం నాకు ఇదొక్కటే కనిపిస్తుంది. ఆయన మళ్లీ ఆ వైపు వెళ్లకపోవడం తెలుగు సినిమాకు నష్టమే.

పరిమితులు చెప్పకుండా ఇష్టాన్ని సమర్థించడం న్యాయం కాదు. మొదటిది స్త్రీపాత్రలకు సంబంధించినది. 'మాయాబజార్' ఉత్తరార్ధంలో అసలు శశిరేఖ ఎక్కడ ఉంది? ఆమెను మంచంతో సహా నిద్రలోనే ఎత్తుకుపోయారు. ఆ తరువాత ఆమె పెళ్లి కోసం జరిగే పోరాటమంతా ఆమె రూపంలో ఒక మగవాడు చేస్తాడు. ప్రియదర్శినిలో తన మనసును అంత స్పష్టంగా చూపించిన పిల్లకు, ఆ మనసును నెరవేర్చే కుట్రలో స్థానం లేదు. తెలిసినవాళ్ల వలయంలో కృష్ణుడున్నాడు, ఘటోత్కచుడున్నాడు, మనమున్నాం. సావిత్రి ఒక్కతే రెండు పాత్రలనూ నిలబెట్టింది గనుక ఈ లోటు మన కంటికి ఆనలేదు. నటి ఉనికి పాత్ర లేమిని కప్పిపుచ్చింది. 'గుణసుందరి కథ' (1949)లో కింగ్ లియర్‌ను తలపించే ఘట్టంలో కూతురు తండ్రి ఎదుట తన మాట తాను చెబుతుంది. దాని ఫలితం అనుభవిస్తుంది. ఆ తెగువ తరువాతి చిత్రాలలోని నాయికలకు తగ్గిందన్నది విడిగా పరిశీలించదగిన అంశం.

రెండవది కాలానికి సంబంధించినది. 1968లో వచ్చిన 'భాగ్యచక్రం', 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' జనాన్ని ఆకట్టుకోలేదు. వాటిలో రామారావు ఉన్నాడు, పింగళి ఉన్నాడు, పెండ్యాల సంగీతం ఉంది. 'జగదేకవీరుని కథ' (1961)కు అంతటి విజయం తెచ్చిన సరంజామా ఇంచుమించు అలాగే ఉంది. దర్శకుడి శక్తి ఉడిగిందనడం సులభమైన వివరణ. జనాంతికానికి ఇద్దరు కావాలన్నది మరచిపోకూడదు. కథ ముందే తెలిసి, తెలిసిన కథను చూడటంలోనే ఆనందం వెదికిన ప్రేక్షకుడు నాటకపు పందిరిలో తయారైనవాడు. 1960ల చివరికి సినిమాహాలులో పెరిగిన తరం వచ్చింది. దానికి సాంఘిక చిత్రం, నేరపరిశోధన కథ, ఊహించని మలుపు అలవాటయ్యాయి. చెవిలో చెప్పిన రహస్యం ఆ చెవికి రహస్యంగా తోచలేదు. పద్యనాటకం వెనుకబడిన కాలమూ ఈ చిత్రాలు విఫలమైన కాలమూ ఎంతవరకు కలిసి నడిచాయో జిల్లాల వారీగా నాటక సమాజాల చరిత్రతో పోల్చి చూడవలసి ఉంది. సినిమా పాటలకే పరిమితమైన మన సిద్ధాంత వ్యాసాలలో ఒకటి రెండైనా ఆ పనికి పూనుకుంటే, కె.వి. రెడ్డి ప్రేక్షకుడెవరో ఇప్పటికంటే స్పష్టంగా తెలుస్తుంది.